గేర్‌బాక్సు చెడిన వేళావిశేషం

కొత్తగా పెళ్లయిన ప్రతి జంటకీ చెడిపోయిన గేర్‌బాక్సు ఒకటి ప్రభుత్వమే ఉచితంగా ఇప్పించాలని డిమాండ్ చేస్తున్నాను!

నవ్వకండి. పెళ్లికి మిక్సీలు ఇస్తున్నారు, బీరువాలు ఇస్తున్నారు, మంచాలు ఇస్తున్నారు. వాటివల్ల ఏ జంటైనా దగ్గరైందా? మిక్సీ మోతలో మొగుడు ఏమన్నాడో వినబడదు. బీరువా తాళంచెవి అత్తగారి కొంగున ఉంటుంది. మంచం సంగతి సరేసరి! మా కోసాడ్ ఆవాస్ సర్కారు క్వార్టర్ల ఇరుకు ఇళ్లలో అది పగలు సోఫా, సాయంత్రం పిల్లలు హోంవర్కు చేసుకునే బల్ల, చుట్టాలొస్తే బట్టల మూటలు పెట్టుకునే అరుగు.

గేర్‌బాక్సు అలా కాదు. ఒక్కసారి చెడిపోనిచ్చి చూడండి, కాపురం ఎంత చక్కగా నడుస్తుందో!

నా పెళ్లయి డెబ్బై మూడు రోజులైంది. అందులో ఇరవై ఆరు రోజులు మా వ్యాన్ గేర్‌బాక్సు చెడిపోయి ఉంది. నేను మొగుడితో మాట్లాడిన మాటలన్నీ దాదాపు ఆ ఇరవై ఆరు రోజుల్లోనే ఉన్నాయి.

మాది ఏడు సీట్ల వ్యాన్. వరాఛాలో ఒక వజ్రాల సేఠ్ వాడి వదిలించుకున్న బండి. దాన్ని ఏరికోరి కొన్నది మా మామగారు నర్సింగం. ఆయన ఈ పరాయి రాష్ట్రానికి వలసొచ్చి ముప్పై ఏళ్లుగా సాంచెల కార్ఖానాలో జాబర్. అంటే ఏ మరమగ్గం మొరాయించినా పానా పట్టుకుని వెళ్లి దారికి తెచ్చే పెద్ద మేస్త్రీ. ఈ బండికి క్లచ్చు లేదు, గేర్లు లేవు, కాలితో తొక్కితే చాలు అదే పోతుందని డీలర్ చెప్పగానే ఆయన మురిసిపోయారట.

"గేర్లే లేకుంటే ఇగ చెడిపోయేటందుకు ఏముంటదయ్యా?" అన్నారట.

ఇంత గొప్ప తర్కం విన్నాక ఏ డీలరైనా బండి అమ్మకుండా ఉంటాడా?

ఏడు సీట్లలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కంపెనీవాళ్లు నిర్ణయించలేదు. ఆ లోటు మా ఇల్లు తీర్చింది. స్టీరింగ్ ముందు మా ఆయన గణపతి. పక్క సీట్లో మామగారు, ముందు సీటు పెద్దమనిషిది కాబట్టి. మధ్య వరసలో మా అత్తమ్మ సారక్క, తోటికోడలు ఊర్మిళక్క, ఆమె ఇద్దరు పిల్లలు. బావగారు పాండేసర మిల్లులో ఆదివారం కూడా డ్యూటీ చేస్తారు కనుక ఆయన రారు. ఇక అన్నిటికంటే వెనక, మోకాళ్లు గడ్డానికి ఆనుకునే మూడో వరసలో, నీళ్ల క్యాన్‌కీ కుక్కర్‌కీ నడుమ కొత్తకోడలు. అంటే నేను. బీకాం ఫస్ట్ క్లాస్.

అక్కడి నుంచి నాకు నా భర్త ఎలా కనిపిస్తాడో తెలుసా? అద్దంలో ఒక కనుబొమ్మగా! మొదటి నెలన్నరలో ఆ కనుబొమ్మతో నాకు మంచి స్నేహం కుదిరింది. అది పైకి లేస్తే 'ఎలా ఉన్నావ్' అని. కిందికి దిగితే 'నాన్న చూస్తున్నాడు' అని. ఇంతకంటే పెద్ద సంభాషణ కనుబొమ్మతో ఎవరైనా చేయగలరా?

ఇలా ఉండగా భివండీలో చుట్టాలింట తొట్టెల పండుగ వచ్చింది. బయలుదేరేముందు మామగారు బానెట్ ఎత్తారు. ఒక కడ్డీ బయటికి లాగి చూసి, "నూనె జర తక్కువున్నది" అని తేల్చారు. తేల్చి ఊరుకుంటారా? సాంచెలకు పోసే నూనె డబ్బా తెచ్చి ఆ కడ్డీ ఉన్న గేర్‌బాక్సు గొట్టంలో లీటరు నూనె ప్రేమగా పోశారు.

సాంచెలవాళ్ల ఇంట్లో పుట్టనివాళ్లకి ఆ నూనె మహిమ తెలియదు. అది గుడ్డ మీద పడినా సబ్బుతో ఉతికితే మచ్చ లేకుండా పోతుంది. మచ్చ పడితే సేఠ్ కూలి కోస్తాడు కదా! అందుకని మావాళ్ల దృష్టిలో ప్రపంచంలో అంతకు మించిన నూనె లేదు. షిఫ్టు ఎక్కగానే ముందు మిషన్‌కి నూనె పోయాలి, తర్వాతే స్విచ్చు వేయాలి. ముప్పై ఏళ్ల అలవాటు. భివండీ అంటే పెద్ద షిఫ్టే మరి!

నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. మాట్లాడటానికి కుక్కర్ తప్ప ఎవరూ లేరు. నా ముందున్న సీటు వెనక జేబులో బండి తాలూకు ఇంగ్లిష్ పుస్తకం కనిపిస్తే చదవడం మొదలుపెట్టాను. అందులో నలుపు పెట్టె గీసి మరీ రాశారు, ఈ గేర్‌బాక్సులో దీనికోసం చేసిన నూనె తప్ప ఇంకేదీ పోయకూడదని.

"మామయ్యా, దీనికి వేరే నూనె పోయాలని ఇందులో రాసి ఉంది" అన్నాను వెనక నుంచి.

వరసలు దాటి జవాబు వచ్చింది. "ముప్పై ఏండ్ల సంది మిషిన్లకు నూనె పోస్తున్న బిడ్డా. బుక్కులు సదివితే సాంచె నడుస్తదా?"

మధ్య వరస మొత్తం నవ్వింది. అద్దంలో కనుబొమ్మ కిందికి దిగింది. నేను పుస్తకం మూసేశాను. పెద్దల అనుభవం ముందు అచ్చు అక్షరం ఎంత?

తిరుగు ప్రయాణంలో వల్సాడ్ దాటాక మహిమ మొదలైంది. గణపతి యాక్సిలేటర్ తొక్కుతుంటే ఇంజిన్ వంద సాంచెలు ఒక్కసారి ఆన్ చేసినట్టు అరుస్తోంది. బండి మాత్రం కదలనంటోంది. ఉండుండి వణుకు. చీరల మూటలు వేసుకున్న మూడు చక్రాల టెంపో మమ్మల్ని దాటింది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుని ఒక సైకిల్ కూడా దాటింది.

మర్నాడు బండిని ఓంప్రకాష్ గ్యారేజీకి తోలారు. ఓంప్రకాష్ మంచివాడు. పైగా అతని దగ్గర కంప్యూటర్ ఉంది! స్టీరింగ్ కింద వైరు తగిలిస్తే బండి రోగం తెర మీద అక్షరాలై వస్తుంది. వచ్చిన అక్షరాలను అతను తలకిందులుగా కూడా చదివి, "బెల్ట్ స్లిప్ బోల్ రహా హై" అన్నాడు. గేర్లకు బదులు ఈ బండిలో రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక ఇనుప బెల్టు ఉంటాయని, పుల్లీలు వెడల్పవుతూ ఇరుకవుతూ ఉంటే బెల్టు పైకీ కిందికీ జరుగుతుందని, అదే వేగం మారుస్తుందని వివరించాడు. ఇప్పుడు ఆ బెల్టు జారుతోందట.

బెల్టు, పుల్లీ! ఆ రెండు మాటలు చెవిన పడగానే మామగారి ముఖం ఎలా వెలిగిందనుకున్నారు!

"గింతేనా? మా సాంచెకు గూడ గదే గద! బెల్టు జారితే గుగ్గిలం పొడి సల్లాలె. మూత ఇప్పు, నేను సల్లుత."

ఓంప్రకాష్ బానెట్‌కి అడ్డంగా నిలబడి ఆ గేర్‌బాక్సు ప్రాణం కాపాడాడు. ఆ తర్వాత తాను ఏం చేశాడయ్యా అంటే, ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గులు మార్చాడు. బెల్టు జారుతోందని కంప్యూటర్ చెబితే ప్లగ్గులెందుకు మార్చాడంటారా? అతని దగ్గర ప్లగ్గులున్నాయి కాబట్టి! కడుపునొప్పి అంటే ఉన్న మాత్ర ఇచ్చే డాక్టర్లని మీరు చూడలేదా?

ఆ కంప్యూటర్ అంతా చెబుతుంది గానీ గేర్‌బాక్సులో ఉన్నది ఏ నూనో చెప్పదు. కడ్డీ లాగి వాసన చూసే ముక్కు దానికి లేదు. ఓంప్రకాష్‌కి ఉంది. కానీ కంప్యూటర్ కొన్నాక ముక్కు వాడటం నామోషీ కదా!

ఇప్పుడు అసలు శుభవార్త వినండి. ప్లగ్గులు మార్చాక టెస్ట్ డ్రైవ్ చేయాలన్నాడు. ఒకరు నడపాలి, ఒకరు పక్కన కూర్చుని ఇంజిన్ ఎంత తిరుగుతోందో, బండి ఎంత పోతోందో రాసుకోవాలి. కదిలే బండిలో గబగబా అంకెలు రాయగలిగేవాళ్లు ఇంట్లో ఎవరు?

"నవతను తీస్కపోరా. సదువుకున్నది గద" అన్నారు మామగారు. వణికే బండిలో కూర్చోవడం ఆయన నడుముకి పడలేదు లెండి.

అలా, పెళ్లయిన నలభై ఎనిమిదో రోజున, నేను ముందు సీటెక్కాను!

అయ్యా, అమ్మా, ముందు సీటు అంటే ఏమిటో మీకు తెలుసా? కాళ్లు చాపుకోవచ్చు! గాలి ముందు నా ముఖానికి తగిలి, తర్వాతే ఇంకెవరికైనా పోతుంది. పక్కకు తిరిగితే కనుబొమ్మ ఒక్కటే కాదు, దాని కింద కన్ను, ముక్కు, చెంప, అన్నీ ఉన్నాయి! అంకెల పుస్తకంలో ఆ రోజు నేను రాసింది ఇది: 'ఆర్‌పీఎం మూడు వేల రెండు వందలు, వేగం ఇరవై. నవ్వితే ఎడమ చెంపకు సొట్ట.' ఓంప్రకాష్‌కి తెలుగు రాదు. ఆ పేజీని చాలా సీరియస్‌గా చూసి తలూపాడు.

కోసాడ్ నుంచి ఇచ్ఛాపూర్‌లో గణపతి పనిచేసే ఫ్యాక్టరీ దాకా మంచి బండి అరగంటలో పోతుంది. మాది గంటన్నర తీసుకుంది. ఏమైనా నష్టమా? అరగంటలో చేరి ఏం సాధిస్తారు? దారిలో ఆగి చల్లటి కోకో తాగాం. ఆవిరి మీద ఉడికించిన శనగపిండి లోచో వేడి వేడిగా తిన్నాం. చిన్నప్పుడు సాంచెల చప్పుడు లేకపోతే తనకి నిద్ర పట్టేది కాదని గణపతి చెప్పాడు. అంత చిన్న సంగతి డెబ్బై కిలోమీటర్ల వేగంలో చెప్పగలరా?

"నవతా, బండి బాగైతే ఎట్లనే?" అన్నాడు తిరిగి వస్తూ.

"ఓంప్రకాష్ ఉండగా ఎందుకు బాగవుతుంది?" అన్నాను.

నా నమ్మకం వమ్ము కాలేదు. తర్వాత అతను ఇంజిన్ కింది రబ్బరు దిమ్మలు మార్చాడు. టెస్ట్ డ్రైవ్! ఒక సెన్సర్ మార్చాడు. టెస్ట్ డ్రైవ్! తీసిన సెన్సర్ మళ్లీ పెట్టాడు. దానికీ టెస్ట్ డ్రైవ్! బండి మాత్రం వారం వారం ఇంకా దిగజారుతోంది. ఎందుకో అతనికి అంతు పట్టలేదు. నాకు పట్టింది. ప్రతి ఆదివారం పొద్దున మామగారు దిగులుగా బానెట్ ఎత్తి, పాపం మిషిన్ ఎండిపోయిందేమో అని మరో చెంబుడు సాంచెల నూనె పోస్తున్నారు. కింద సందులోంచి కారినంత కారుతోంది, పైన ఆయన పోసినంత పోస్తున్నారు. చెప్పాలనే అనుకున్నాను. ఒకసారి చెప్పాను కదా! చెప్పినమాట మళ్లీ మళ్లీ చెప్పే కోడలిని ఏ ఇంట్లో మెచ్చుకుంటారు చెప్పండి?

ఇంత సుఖం ఎవరి కంటా పడకుండా ఉంటుందా? పడింది. ఎవరో సలహా ఇస్తే బండిని ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లారు. ఏసీ హాలు, మెత్తటి సోఫాలు, కాగితం కప్పులో కాఫీ. టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, బానెట్ ఎత్తకుండా, బండి చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేసి గేర్‌బాక్సు మొత్తం మార్చాలని చెప్పాడు. ఓంప్రకాష్ కనీసం చేతులకు మసి చేసుకున్నాడు. ఈ మహానుభావుడి చొక్కా మడత నలగలేదు! అయ్యే ఖర్చు బండి కొన్న ధరలో సగమట.

ఆ సాయంత్రం మామగారు అన్నం ముందు కూర్చుని ప్రకటించారు. "అమ్మేద్దాం. గంగారాంకు చెప్పిన. ఆదివారం వచ్చి తీస్కపోతడు."

గంగారాం పాత బండ్లు కొని విడిభాగాలుగా విప్పి అమ్మే మనిషి.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బండి పోతే ముందు సీటు పోతుంది. ముందు సీటు పోతే ఆ చెంప పోతుంది, కోకో పోతుంది. ఇక మా ఇద్దరికీ మిగిలేది నలుగురు మనుషులు నిద్రపోయే గదిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుకునే మాటలే. గణపతి నావైపు చూశాడు. రెండు కనుబొమ్మలూ దిగిపోయి ఉన్నాయి.

రోగం బాగున్నంతకాలం రోగాన్ని ప్రేమించాను. రోగి ప్రాణం మీదికి వచ్చాక ఊరుకుంటానా?

శనివారం పొద్దున్నే కార్ఖానా నుంచి తెచ్చిన తెల్ల కోరాగుడ్డ మూడు పీలికలు చింపాను. ఒకటి గేర్‌బాక్సు కడ్డీకి ఉన్న నూనెలో అద్దాను. ఒకటి మామగారి నూనె డబ్బాలో ముంచాను. ఓంప్రకాష్ వేరే బండికి తెచ్చిన అసలు నూనె డబ్బా అడుగున మిగిలింది చిన్న సీసాలో పట్టించుకొచ్చి, మూడోది అందులో ముంచాను. మూడింటినీ ఒకే సబ్బుతో ఉతికి, వాకిట్లో పళ్లు తోముకుంటున్న మామగారి ముందు తాడు మీద ఆరేశాను.

"ఏందిది?" అన్నారు.

"మీరే చూడండి మామయ్యా."

ఆయన చూశారు. మచ్చను చూసి అది ఏ వరసలో ఎన్నో నంబరు సాంచెదో చెప్పగల మనిషి! అసలు నూనె గుడ్డ మీద పచ్చటి మచ్చ అలాగే ఉంది. డబ్బా నూనె గుడ్డ మల్లెపువ్వులా ఉంది. గేర్‌బాక్సు గుడ్డ... బొటనవేలితో రుద్దారు, వెలుతురుకి పట్టి చూశారు. దాదాపు మల్లెపువ్వే.

"ఇది మన నూనె" అన్నారు మెల్లగా. "మన నూనె బండ్లెకు ఎట్లొచ్చె?"

అత్తమ్మ లోపలి నుంచి చీపురుతో సహా బయటికొచ్చింది. "ఎట్లొచ్చె అంటవేంది? నువ్వే పోస్తివి గద! ఐతారం ఐతారం తులసమ్మకు నీళ్లు పోసినట్టు పోస్తుంటివి, నేను సూస్తలేనా?"

"మిషినన్నంక నూనె పోయకుంటే ఎట్ల?"

"పిల్ల భివండీ తొవ్వలనే చెప్పె. ఇన్నవా? పోరి పోరి అని నవ్వితివి!"

నవ్వినవాళ్లలో ఆవిడ కూడా ఉందని నేను గుర్తు చేయలేదు. ఉత్తమ కోడలికి మతిమరుపు ఉండాలి.

గంగారాంకి రావద్దని ఫోన్ వెళ్లింది. పుస్తకంలో ఉన్న పేరు గల నూనె తెప్పించారు. ఓంప్రకాష్ పాత నూనె దించి, కింది పళ్లెం విప్పాడు. పళ్లెంలోని అయస్కాంతాలకు ఇనుప ముక్కలు అంటుకుంటే బెల్టు అరిగిపోయినట్టేనట. నేను వంగి చూశాను. సన్నటి నల్లటి ముద్ద తప్ప ముక్కలు లేవు. నూనె కారే సందుకు కొత్త సీలు వేశాడు. వడపోత మార్చి, కొత్త నూనె పోసి, బండి నడిపి, మళ్లీ దించి, మళ్లీ పోశాడు. లోపలి మూలల్లో దాక్కున్న సాంచెల నూనె పోవడానికి అలా మూడుసార్లు. చివరికి కంప్యూటర్ తగిలించి బండి పాత చెడు అలవాట్లన్నీ మరిచిపోయేలా చేశాడు.

"భాభీజీ, ఆప్‌కో తో గ్యారేజ్ ఖోల్‌నా చాహియే" అన్నాడు. గ్యారేజీ తెరిస్తే నాకు ముక్కు వాడే మెకానిక్ కావాలి, అతను పనికి రాడు.

బండి వెన్నలా కదిలింది. ఇంట్లో ఆ పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టడం ఒక్కటే తక్కువ! పాలు విరిగితే అత్తమ్మ, "ఎందుకిరిగినయో ఆ బుక్కుల జర సూడు బిడ్డా" అంటోంది.

ఆ మరుసటి వారం ఆదివారం వచ్చింది. అందరూ ముస్తాబయ్యారు. డుమస్ సముద్రానికి ప్రయాణం. కుక్కర్ ఎక్కింది, నీళ్ల క్యాన్ ఎక్కింది. మామగారు కొత్త చొక్కా వేసుకుని ముందు తలుపు తెరిచారు. నావైపు తిరిగి, "నువ్వు ఎనక కూసో బిడ్డా, జల్ది" అన్నారు.

చూశారా? గేర్లే లేని బండిని కనిపెట్టిన దేశాలున్నాయి. ఏడు సీట్లలో మనుషుల్ని అటూ ఇటూ జరపగల బండి మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

నేను పుస్తకం తీశాను.

"మామయ్యా, ఇందులో ఒక మాట రాసి ఉంది. నూనె మార్చాక వెయ్యి కిలోమీటర్ల దాకా ముందు సీట్లో యాభై ఐదు కిలోలకి మించి బరువు ఉండకూడదట. కూర్చున్న మనిషి అంకెలు రాస్తూ ఉండాలట."

మామగారు ఎనభై కిలోలు.

"ఏ పేజీల?" అన్నారు.

"నూట పద్నాలుగు."

చెయ్యి చాపారు. ఇచ్చాను. ఇంగ్లిష్ రాని మనిషి, ఏం చూస్తారులే అనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ తీశారు. అందులో ఒక బొమ్మ ఉంది. పసిపిల్లల కుర్చీని బెల్టుతో ఎలా కట్టాలో చూపించే బొమ్మ. బొమ్మకి ఇంగ్లిష్ అక్కర్లేదు కదా!

ఆయన ఆ బొమ్మను చాలాసేపు చూశారు. తర్వాత స్టీరింగ్‌ని పట్టుకుని పరీక్ష హాల్లో పిల్లాడిలా కూర్చున్న కొడుకుని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఔ. రాసి ఉన్నది" అన్నారు.

పుస్తకం నా చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి, కుక్కర్‌ని పక్కకు జరిపి మూడో వరసలోకి ఎక్కారు.

అమ్రోలి దాటేలోపే మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. వెనక గిన్నెలూ తలకాయా ఒకేసారి మోగాయి.

"ఓరి గణపతీ, మెల్లగరా!"

ఇంకాసేపటికి మళ్లీ గొంతు వచ్చింది. ఈసారి చిన్నగా.

"బిడ్డా, ఈడ కాళ్లు ఏడ పెట్టుకోవాల్నో ఆ బుక్కుల ఏమన్న రాసిండ్రా?"

"అన్ని పేజీలూ చదివాను మామయ్యా" అన్నాను, కాళ్లు ఇంకొంచెం చాపుకుంటూ. "వెనక సీటు గురించి ఎవరూ ఏమీ రాయలేదు."